పాటలో వదిలిన చోటు

మార్చి పదకొండో తేదీ మధ్యాహ్నం మేం బ్రెడ్డూ జామూ, ముందురోజు ఉడకబెట్టగా మిగిలిన గుడ్లూ తిన్నాం. కుళాయి రాలేదు కాబట్టి పొయ్యి వెలిగించలేదు. పళ్లేలు కడిగే పని లేకుండా నా కోడలు ఆ రోజు పత్రికనే బల్ల మీద పరిచేసింది. నేనింకా చదవనేలేదు. గుడ్డు పెంకుల పక్కన తేదీ ఒక్కటే కనిపిస్తూ ఉండిపోయింది, అందుకే గుర్తు.

నా మనవరాలికి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. స్నానం చేయించందే పడుకోనని మొండికేసింది.

"నీళ్లు లేవమ్మా."

"ఎక్కడికెళ్లాయి?"

"పడుకున్నాయి."

"లేపు."

దాంతో నా కోడలు వంటింటి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, పిల్లను ఒళ్లో వేసుకుని, ఎండిపోయిన కుళాయి వైపు చూస్తూ ఒక పాట అందుకుంది.

గిన్నె నిద్రపోయింది, గ్లాసు నిద్రపోయింది,
గొట్టంలో గాలి కూడా గొంతు మూసుకుంది.
ఎవరొస్తే తెల్లవారు, ఎవరని పిలిచేను...

తర్వాతి చరణానికి మాటలు దొరకలేదు. "ఊఁ" అంటూ వరసను మాత్రం సాగదీసింది. మళ్లీ ఆఖరి చరణం దొరికింది.

దీపమొకటి ఉంచాను, తొందరేం లేదు.

రెండోసారి పాడుతుంటే ఆ ఊఁ దగ్గర పిచ్చుక "బిస్కెట్టూ" అని చేర్చింది. మూడోసారి "తాతా" అంది. బిస్కెట్టు తర్వాతి స్థానం నాకు దక్కినందుకు సంతోషించాను. నాలుగోసారికి నిద్రపోయింది.

నా కోడలు పగలు ఒక కంటి ఆసుపత్రిలో ఫోన్లకు సమాధానం చెబుతుంది. సాయంత్రాలు గిటారు పట్టుకుంటుంది. సొంతంగా పాటలు కట్టి, శనివారాలు మా వీధి చివరి కాఫీ షాపులో ఎత్తుపీట మీద కూర్చుని పాడుతుంది. పాటను కాగితం మీద పెట్టడం ఆమెకు అలవాటు లేదు. నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి వరస వినిపిస్తుంది. నా చేతులు ఆగితే ఆ వరస ఉంచేస్తుంది, ఆగకపోతే మార్చేస్తుంది. నాకు సంగీతం తెలియదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ నా భార్య పోయిన తర్వాత ఈ ఇంట్లో నన్ను పనికొచ్చేవాడిగా ఉంచడానికి నా కోడలు కనిపెట్టిన ఉద్యోగాల్లో ఇదొకటని నాకు తెలుసు. జీతం లేకపోయినా ఆ ఉద్యోగం శ్రద్ధగానే చేస్తున్నాను.

మాట దొరకని చోట వారాల తరబడి ఊఁ అని పాడుకోవడం కూడా ఆమె పద్ధతే. ఎప్పుడో ఒకప్పుడు మాట వచ్చి అందులో కూర్చునేది. ఈ పాటలో మాత్రం రాలేదు. అలాగే కాఫీ షాపులో పాడింది. ఎవరో ఫోనులో పట్టుకుని పదిమందికి పంపారు. కొన్నాళ్లకు బస్సులో ఒకమ్మాయి ఆ వరస కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఊఁ దగ్గరికి రాగానే కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవులు మాత్రం కదిపింది. ఏమందో నాకు వినపడలేదు.

ఎండలు ముదిరాక మెరక వీధుల ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో నగరపాలక కార్యాలయం ముందు నిలబడ్డారు. మా ఊళ్లో ఎత్తు మీదున్న వీధుల్ని మెరక అంటారు. అక్కడికి నీళ్లు ఎక్కవు. వాళ్లు నినాదాలు చేయలేదు. నా కోడలి పాట పాడారు. ఊఁ దగ్గర ఒకామె "ఇంజినీరూ" అంది, ఇంకొకామె "మేయరూ" అంది.

మా అబ్బాయి ఆ కార్యాలయం లోపలే ఉన్నాడు. అతను నీటి విభాగంలో పని చేస్తాడు. రోడ్ల కింద ఉండే వాల్వుల్ని పొడవాటి ఇనపకడ్డీతో తిప్పి, పైవాళ్లు చెప్పిన వేళకు చెప్పిన వీధికి నీళ్లు వదిలేదీ కట్టేదీ అతనే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ భార్యతో అన్నాడు. "నీ పాట మా ఆఫీసుకొచ్చింది."

"ఎలా పాడారు?"

"శ్రుతి లేదు. గట్టిగా మాత్రం పాడారు."

"మీవాళ్లేమన్నారు?"

"ఏమంటారు. మీ ఆవిడ పిలుస్తోంది, కిందికెళ్లవయ్యా అన్నారు. మధ్యాహ్నం దాకా అదే జోకు. ఆ తర్వాత పెద్దింజినీరు వచ్చాడు, జోకు ఆగిపోయింది."

ఇది జరిగిన కొద్దిరోజులకే కబురు వచ్చింది. మరమ్మతులు పూర్తయిన నగరపాలక సభామందిరాన్ని మళ్లీ తెరుస్తున్నారు. మొదటి సాయంత్రం ఊళ్లోని పాటగాళ్లలో నా కోడల్ని పాడమన్నారు. గంటసేపు, ఆమె ఒక్కతే, ఆమె పాటలే. పేరు ఎంచేనాటికి మెరకవాళ్లింకా ఆఫీసుకి రాలేదనుకుంటాను.

అదెంత పెద్ద మాటో చెప్పాలంటే కాఫీ షాపు సంగతి చెప్పాలి. అక్కడ గింజలు పొడి చేసే మర గిర్రుమన్నప్పుడల్లా ఆమె పాట ఆపి, మర ఆగాక అదే మాట దగ్గర మళ్లీ అందుకునేది. పిల్ల పుట్టాక ఇక ఆ మర పక్కనే తన చోటని అనుకుంది. కబురు వచ్చాక నన్ను తోడు తీసుకుని మందిరం చూడటానికి వెళ్లింది. కుర్చీలకు ఇంకా పాలిథిన్ తొడుగులు తీయలేదు. వేదిక ఎక్కి ఒక్కసారి చప్పట్లు కొట్టి, తల పక్కకు వంచి వింది. తిరుగు బస్సు దిగేముందు అంది: "నా చప్పుడు నాకు తిరిగొచ్చింది మామయ్యా. షాపులో వెళ్లడమే గానీ తిరిగి రాదు."

ఆ తర్వాత నా కోడల్ని నగరపాలక కార్యదర్శి రమ్మన్నారని ఫోను వచ్చింది. మా అబ్బాయికి ఆయన పై అధికారి. భార్య పక్కన ఆ గదిలో కూర్చోలేనన్నాడు. నేను వెళ్లాను.

కార్యదర్శికి యాభై దాటి ఉంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద రెండు ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూనే ఉన్నాయి. మూలన ఒకామె టైపు చేస్తోంది. నేను నిలబడి ఉండటం చూసి అటెండరు ఎవరూ చెప్పకుండానే కుర్చీ తెచ్చి, ఫ్యాను గాలి తగిలేలా జరిపి వేశాడు. మోకాళ్ల నొప్పులవాడికి ఇటువంటివి కలకాలం గుర్తుంటాయి.

"నాకు పాటలంటే ఇష్టమమ్మా. అది ముందే చెబుతున్నా," అన్నాడు కార్యదర్శి.

"చెప్పండి."

"ఆ నిద్రపోయే పాటలో ఒకచోట మాటల్లేవు."

"లేవండి."

"ఎందుకు లేవు?"

"మొదట దొరకలేదు. తర్వాత ఎవరిది వాళ్లు పెట్టుకుంటున్నారని తెలిసి వెతకడం మానేశాను."

"అదే రాజకీయమంటున్నారు."

నా కోడలు నవ్వింది. "మాటలుంటే రాజకీయమంటారని తెలుసు. లేకపోయినా అంటారా?"

"మాటలుంటే నాకు తేలికమ్మా. మీరేమన్నారో నాకు తెలుస్తుంది. ఎవరైనా అడిగితే ఇదిగో ఇదీ ఆవిడన్న మాట అని చూపిస్తాను. ఖాళీని ఏమని చూపించను? ఆ రోజు మేయరుగారు ముందు వరసలో ఉంటారు. మీరు ఊఁ అంటారు. వెనకనుంచి ఎవరో ఆయన పేరంటారు. మీ తప్పేం ఉండదు. నా ఉద్యోగం మాత్రం ఉండదు."

"ఒక్కసారి విననే లేదు కదండీ మీరు. అది జోలపాట."

"ఫోనులో విన్నాను."

"ఫోనులో కాదు," అని బల్ల అంచు మీద వేళ్లతో మెల్లగా తాళం వేస్తూ పాడింది. మూలన టైపు ఆగింది. ఎవరని పిలిచేను దగ్గరికి వచ్చి, ఊఁ కూడా అనకుండా ఊరుకుంది. మోగుతున్న ఫోను మీద చెయ్యి వేసి ఉన్న కార్యదర్శి, వరస తప్పకుండా, "నిద్రా," అన్నాడు.

టైపు చేసే ఆమె తల బాగా కిందికి దించుకుంది. భుజాలు కదలడం నాకు కనిపించింది. కార్యదర్శి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"చూశారా," అన్నాడు. "రెండు నెలలుగా ఈ ఫోన్లతో నాకు కంటి మీద కునుకు లేదు. నా నోట్లోంచే వచ్చేసింది. ఇంక ఆరువందల మందిని కూర్చోబెడితే ఏమేం వస్తాయో మీరే చెప్పండి."

ఆయన అడిగింది చిన్న విషయమే. ఆ ఊఁ తీసేసి మాటలు పెట్టాలి. ప్రేమో, మబ్బో, పిల్లో, ఏదైనా ఫరవాలేదు. పాట మొత్తం వదిలేస్తే కుదరదు, ఆమె పాడకపోతే జనమే అందుకుంటారు, అప్పుడింకా పెద్దదవుతుంది. మాటలు పెడితే మందిరం ఆమెది. పెట్టకపోతే ఆ సాయంత్రానికి వేరేవాళ్లను చూసుకోవాలి.

"ఇంకో సంగతి," అని నావైపు తిరిగాడు. "మాస్టారూ, మీ అబ్బాయిని నది అవతలి పంపుహౌసుకి మార్చమని పైనుంచి రెండుసార్లు అడిగారు. అక్కడ రాత్రి డ్యూటీయే. నేను కదపకుండా ఆపాను. ఈ పాట మందిరంలో గొడవ లేకుండా జరిగిపోతే అందరూ మరిచిపోతారు. లేకపోతే ఆపడం నావల్ల కాదు. బెదిరించడం లేదు. ఉన్నది చెబుతున్నాను."

ఆయన మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇంట్లో ఆ సాయంత్రం మాటా మాటా పెరిగింది. మా అబ్బాయి గొంతు పెంచేవాడు కాదు. వేళ్లు విరుచుకుంటూ మాట్లాడతాడు.

"మెరకకి నీళ్లెక్కకపోవడం రాజకీయం కాదు. ప్రెషరు."

"ప్రెషరు చాలదని తెలిసి కూడా ముందు పల్లపు వీధులకి వదలమనేదెవరు?" అంది నా కోడలు.

"పైవాళ్లు."

"మరి దాన్నేమంటారు?"

"మేం డ్యూటీ అంటాం." ఇంకో వేలు విరిచి అన్నాడు, "సరే, నీ పాట రాజకీయమే అనుకో. రాజకీయం నువ్వు చేస్తావు, రాత్రి డ్యూటీ నేను చేస్తాను. ఇదేగా లెక్క? పొద్దున నేనొచ్చేసరికి పిచ్చుక బడికెళ్లడానికి జడ వేయించుకుంటూ ఉంటుంది. సాయంత్రం అది ఆటల్లోంచి వచ్చేసరికి నేను బయల్దేరుతూ ఉంటాను."

రాజకీయమంటే ఎన్నికలూ, గోడల మీద కాగితాలూ అని నేను చాలాకాలం అనుకున్నాను. మా అబ్బాయి మాట విన్నాక, ఎవరు పాడతారు, దానికి ఎవరు మేలుకుంటారు అన్నది కూడా అందులోకే వస్తుందేమో అనిపించింది.

రెండురోజుల తర్వాత నేను గిన్నెలు తోముతుంటే వెనకనుంచి పాట వినిపించింది. ఈసారి ఊఁ లేదు.

ఎవరొస్తే తెల్లవారు, ఎవరని పిలిచేను...
కునుకమ్మా, కునుకమ్మా, నిన్నే పిలిచాను.

నా చేతులు ఆగాయి. నిజం చెప్పాలంటే అది బాగుంది. ఆ చోటు కోసమే పుట్టినట్టు కూర్చుంది. కార్యదర్శి నోట్లోంచి జారిన మాటే, ఆమె చేతిలో పడి మెత్తబడింది.

"మీ చేతులు ఆగాయి మామయ్యా."

"ఆగాయమ్మా."

ఆమె మొహంలో సంతోషమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. మా అబ్బాయి విని, "ఇదుండగా ఇన్నాళ్లూ ఊఁ అంటూ కూర్చున్నావా," అన్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర చాలా రోజుల తర్వాత జోకులు వేశాడు. పిచ్చుక మాత్రం బిస్కెట్టు తీసేసినందుకు అలిగి, బిస్కెట్టు ఇవ్వగానే అలక మానేసింది. అక్కడితో తీరిపోయేదే. కానీ ఆదివారం పొద్దున నా కోడలు మెరకకి వెళదామంది.

"ఎందుకు?"

"వాళ్లు పాడుకుంటున్నారు కదా. మార్చానని చెప్పొద్దూ? ఇల్లు అమ్మేటప్పుడు అందులో ఉంటున్నవాళ్లకి చెప్పమూ?"

బస్సు కొండ మొదట్లోనే ఆగిపోతుంది. నేను నెమ్మదిగా దిగుతుంటే డ్రైవరు ఇంజను ఆపి కూర్చున్నాడు. అక్కడినుంచి నడక. నా కోడలి పాటతో బకెట్లవాళ్లను ఆఫీసు దగ్గరికి నడిపించిన మనిషి బట్టలు కుట్టే ఆవిడ. ఆమె గదిలో కుట్టుమిషను, కత్తిరించిన గుడ్డముక్కల గుట్ట, కిటికీ కింద వరసగా మూతలు పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములు. ఆమె అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. పక్కింటి బస్సు కండక్టరమ్మాయి యూనిఫాంలోనే వచ్చింది. నేను ఎక్కి వచ్చిన ఆయాసం చూసి కుట్టే ఆవిడ గ్లాసు సగానికి నీళ్లు పోసి ఇచ్చింది. అడుగున చుక్క మిగల్చకుండా తాగాను.

నా కోడలు సంగతంతా దాచకుండా చెప్పింది. మందిరం, కార్యదర్శి, పంపుహౌసు. తర్వాత కొత్త చరణంతో పాట పాడింది. వాళ్లు మర్యాదగా విన్నారు. కునుకమ్మా దగ్గర ముగ్గురి పెదవులూ తెరుచుకుని, మళ్లీ మూసుకున్నాయి. అది నేను చూశాను. ఆమె కూడా చూసింది.

"బాగుంది," అంది కుట్టే ఆవిడ.

"వరసకి బాగా అతికింది," అంది కండక్టరమ్మాయి.

"మీరు ఆ ఊఁ దగ్గర ఏం పాడతారు?" అని అడిగింది నా కోడలు. "ఆఫీసు దగ్గర కాదు. ఇంట్లో."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కుట్టే ఆవిడ మిషను చక్రం అటూ ఇటూ తిప్పింది. "నేనైతే మా తమ్ముడి పేరంటాను. చిన్నప్పుడే పోయాడు. వాణ్ణి అలా పిలిచి చాలా ఏళ్లయింది."

"నీళ్లు అనవా?" అంది నా కోడలు.

"నీళ్లు ఆఫీసు దగ్గర అన్నాను. ఇంట్లో కూడా నీళ్లే పాడతానా ఏమిటి?"

కండక్టరమ్మాయి నవ్వి, తను చెప్పనంది. ఎంత అడిగినా చెప్పలేదు. "చెప్పాలా ఏంటి," అని చెవి వెనక్కి జుట్టు సర్దుకుంది. దాంతో మాకు కొంత అర్థమైంది.

మంచం మీది పెద్దావిడ అంది, "నేనేమీ అననమ్మా. నాకు ఆయాసం. అక్కడ ఊపిరి తీసుకుంటాను. మిగతా పాటల్లో ఎక్కడా ఆగనివ్వరు."

కుట్టే ఆవిడ అడిగింది. "ఇంతకీ ఈ కునుకమ్మ ఎవరి మాట? నీదా?"

"కార్యదర్శిగారిది. పాడి వినిపిస్తుంటే ఆయన నోట్లోంచి వచ్చింది. నేను సరిచేశాను."

పెద్దావిడ ముందు నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. కుట్టే ఆవిడ ఆమె వీపు నిమురుతుంటే దగ్గు మధ్యలోనే అంది, "ఆయనకి నిద్ర పట్టకపోతే ఆయన్ని పాడుకోమను తల్లీ. ఊరంతా ఆయన నిద్రే పాడాలా?"

"అత్తయ్యా, ఊరుకో," అంది కుట్టే ఆవిడ. నా కోడలి వైపు తిరిగి, "పాట నీది. పెట్టుకో. మేం పాడేచోట మేం పాడుకుంటాంలే. మీ ఆయన డ్యూటీ సంగతి విన్నాక నిన్ను తప్పు పట్టేవాళ్లెవరూ లేరిక్కడ," అంది.

కండక్టరమ్మాయి కూడా అదే అంది. రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో తనకి తెలుసంది. వాళ్లు మమ్మల్ని కొండ దిగువదాకా దిగబెట్టారు.

తిరుగు బస్సులో నా కోడలు కిటికీ పక్కన కూర్చుంది. కొంతదూరం వెళ్లాక అడిగింది. "మామయ్యా, మీరక్కడ ఏమంటారు?"

నేను ఎవరికీ చెప్పని సంగతి అది. "మీ అత్తయ్యని నేను పిలిచే పేరొకటి ఉంది. నలుగురిలో పిలిచేది కాదు."

"గిన్నెలు తోముతూ అంటారా?"

"మనసులో అంటాను. నీళ్ల చప్పుడుంటుంది కాబట్టి ఒక్కోసారి పైకి కూడా."

ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, మిగతా దారి అలాగే ఉంచింది. నేను ఆలోచిస్తూ కూర్చున్నాను. అరవై ఏడేళ్లవాడు భార్య పేరు తలుచుకోవడానికీ, ఆయాసంగల ముసలావిడ ఊపిరి తీసుకోవడానికీ, నీళ్లు రాని వీధి మేయర్ని పిలవడానికీ ఒకే చోటు సరిపోయింది. ఆ చోటుని ఆమె మామూలుగా తన మాటతో నింపేయొచ్చు. పాట కట్టేవాళ్లు చేసే పనే అది. నింపకుండా వదిలింది. మొదట చేతకాక వదిలింది, తర్వాత తెలిసే వదిలింది. కార్యదర్శికి భయమేసింది దీనికే. ఆయన భయంలో అర్థముంది. మాట ఎవరిదో తెలియని చోట ఎవరిదైనా రావచ్చు.

ఆ సాయంత్రం మా అబ్బాయి వంటింటి కుళాయికి రబ్బరు మారుస్తున్నాడు. ఆమె పక్కన నిలబడి అంది, "ఆ మాట నేను పెట్టలేను."

అతను తల ఎత్తలేదు. "బాగుందిగా."

"బాగుంది. అదే చిక్కు. నువ్వు పెట్టమంటే పెడతాను. కోపంగా కాదు, నిజంగానే అంటున్నా. రాత్రి డ్యూటీ నీది కాబట్టి నీ మాట వింటాను."

అతను రబ్బరును రెండుసార్లు తిరగేసి చూశాడు. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను గానీ పిచ్చుక నా ఒళ్లో నిద్రపోతోంది.

"నా మీద పెడుతున్నావా?" అన్నాడు.

"పెట్టడం లేదు. అడుగుతున్నా."

"నేను పెట్టమంటాననుకో. పెడతావు. మందిరంలో బ్రహ్మాండంగా పాడతావు. ఇంటికొచ్చాక ఇంక పాట కట్టవు. అడిగితే టైము లేదంటావు."

"అంత తెలుసా నీకు?"

"ఊరి వాల్వులన్నీ తెలుసు. ఇంట్లోది తెలియదా?" కుళాయి బిగించి, తిప్పి చూశాడు. చుక్క పడలేదు. "పెట్టొద్దు. నాకు కోపంగానే ఉంది. నేను మంచివాణ్ణని మీరిద్దరూ మొహాలు పెట్టకండి. ఆ కోపం కొన్నాళ్లుంటుంది, ఉండనివ్వండి."

"ఉండనీ," అంది ఆమె.

కోపం నిజంగానే కొన్నాళ్లుంది. అతను దాన్ని దాచలేదు, పెంచలేదు కూడా. ఆమె తనకు బాకీ ఉన్నట్టు మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు. అది వాళ్లమ్మ గుణం.

మర్నాడు కార్యదర్శి దగ్గరికి వెళ్లాం. నా కోడలు ఎక్కువ చెప్పలేదు.

"మాటలు పెట్టనండి."

"పెట్టలేకపోయారా?"

"పెట్టాను. తీసేశాను. అక్కడ చాలామంది ఉన్నారు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఆఖరిసారి అడుగుతున్నా. నా పాటలో రాజకీయం లేదని ఒక్కమాట చెప్పండి. వేదిక మీద, పాటకి ముందు. ఊఁ అలాగే ఉంచుకోండి. నేనేదోలా నెట్టుకొస్తాను."

అది ఆయన ఇవ్వగలిగినదంతా. మా ముందు గీసిన గీతను మా కోసం ఆయనే కొంచెం వెనక్కి జరిపాడు. నా కోడలికి ఆ మందిరంలో చప్పట్లు విన్నప్పటి మొహం ఒక్క క్షణం తిరిగి వచ్చింది.

"మొదట లేదనే అనుకున్నానండి," అంది. "నా పిల్లని పడుకోబెట్టడానికి పాడాను. ఇప్పుడు లేదంటే, మెరకవాళ్లు పాడింది పాట కాదని నేనన్నట్టు అవుతుంది. ఉందంటే, తమ్ముడి పేరు పాడుకునేవాళ్లని ఊరేగింపులో నిలబెట్టినట్టు అవుతుంది. ఎవరో ఒకర్ని బయటికి పంపకుండా నేనేమీ చెప్పలేను. మీరన్న మాట కూడా అందులో ఉందిగా. మిమ్మల్నీ పంపలేను."

"నా మాట తీసేయొచ్చు మీరు," అన్నాడాయన. కానీ చిన్నగా నవ్వాడు. తర్వాత లేచి మెట్లదాకా వచ్చి, మూడో మెట్టు విరిగింది, పెద్దాయన్ని పట్టుకోండి, అని చెప్పి వెనక్కి వెళ్లాడు.

మందిరం తెరిచిన సాయంత్రం వేరేవాళ్లు పాడారు. బాగా పాడారని విన్నాం. నా కోడలు ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండి, అల్మరా అంతా దించి, దుమ్ము దులిపి, మళ్లీ సర్దింది. అందులో దుమ్ము లేదు. నేను గుడ్డ అందిస్తూ నిలబడ్డాను. ఒకసారి వెనక్కి తిరిగి, "ఇప్పుడు మొదలై ఉంటుంది మామయ్యా," అంది. నేను ఇంకో గుడ్డ అందించాను. ఓదార్చే మాట అననిచ్చేది కాదు.

శనివారం కాఫీ షాపుకి వెళ్లింది. సంగతి ఊరంతా తెలిసిపోయింది కాబట్టి ఆ యజమాని కూడా విన్నాడు. "మర ఆపలేనమ్మా, వ్యాపారం. ఎత్తుపీట మాత్రం ఇవతలికి జరిపిస్తా," అన్నాడు. జరిపించాడు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుంటుంది. మర మోగితే ఆగుతూనే ఉంది.

మా అబ్బాయికి ఉత్తర్వు వచ్చింది. పంపుహౌసు, రాత్రి డ్యూటీ. మొదటిరోజు సాయంత్రం పిచ్చుక ఆడి ఆడి అలిసి, నాన్న బయల్దేరకముందే సోఫాలో నిద్రపోయింది. నా కోడలు అన్నం డబ్బా సంచిలో పెట్టి, మీద స్వెట్టరు పెట్టింది. అక్కడ నది గాలి.

"అవతల ఒక్కడివేనా?"

"ఇంకో ముసలాయన ఉన్నాడట. గురక పెడతాడని చెప్పారు."

"డ్యూటీలోనా?"

"మోటార్ల చప్పుడులో వినపడదులే అన్నారు." సంచి భుజాన వేసుకుని, కూతురు చెంప మీద వేలు ఆనించి తీశాడు. నాతో, "వస్తా నాన్నా," అన్నాడు. గుమ్మం దాటి మళ్లీ వెనక్కి తిరిగి భార్యతో అన్నాడు. "దాన్ని రేపు పొద్దున నన్ను చూడకుండా బడికెళ్లనివ్వకు. ఐదు నిమిషాలు లేటైనా ఫరవాలేదు."

"బడికి పంపను నువ్వొచ్చేదాకా."

"ఫీజు కడుతున్నాం."

"వెళ్లవయ్యా, బస్సు పోతుంది."

అతను మెట్లు దిగుతున్న చప్పుడు మొదటి అంతస్తుదాకా వినిపించింది, తర్వాత వినపడలేదు. ఆమె ఇంకాసేపు అక్కడే నిలబడింది. వీధిలో బస్సు వచ్చి, ఆగి, కదిలింది. సోఫాలో పిల్ల ఒకవైపునుంచి ఇంకోవైపుకి దొర్లింది. నా కోడలు ఒక చేతిని తలుపు కొట్టుకోకుండా దానికీ గుమ్మానికీ మధ్య పెట్టి, రెండో చేత్తో దగ్గరికి నెట్టి, ఆఖర్న ఆ చెయ్యి తీసి, గడియ చప్పుడు కాకుండా వేసింది.